పాత్రిక్ పండగ నాటి మోదుగపూల చీర

మాచవరానికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న మా అక్క మెట్టిన పల్లెలో ఈ ఏడు పదో పాత్రిక్ పండగ జరిగింది. ఆ సందర్భంగా పండగ చరిత్ర అని ఎనిమిది పేజీల పుస్తకం గుంటూరులో అచ్చు వేయించి పంచారు. అందులో యాటల్ని ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి, పందిరి వేసినవాళ్ళ పేర్లున్నాయి, మైకు పెట్టె పంపిన మాచర్ల షాపు పేరు కూడా ఉంది. మా అక్క హన్నమ్మ పేరు మాత్రం లేదు. మొదటి నాలుగేళ్ళూ ఆ పందిరి కింద వంట మొత్తం ఆమె చేతి మీదుగానే నడిచింది. ఆ ఒక్క ముక్క రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వాళ్ళకు సిగ్గు లేకపోతే పోనీ. నాకు కొంచెం మిగిలింది కాబట్టి నేను రాస్తున్నాను. నా పేరు ఏలియా, నరసరావుపేటలో మిషను బడి పంతుల్ని.

మేము పుట్టుకతో బాప్టిస్టులం. హన్నమ్మకు నాగులేట్లో నిలువునా ముంచి బాప్తిస్మమిచ్చారు. మా మేనత్త పెళ్ళి చేసుకొని రోమను మతంలో కలిసింది. ఆమె కొడుకు శౌరి అక్కడి గుడికి ఉపదేశి. అంటే పిల్లలకు జపాలు నేర్పడం, ఫాదరు లేని ఆదివారం ప్రార్థన చదవడం, పొద్దున బడి చెప్పడం అతని పని. జీతం తక్కువే కానీ గుడి పక్కన రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చారు. మేనరికం కాబట్టి మా వాళ్ళు కాదనలేక అక్కను ఇచ్చారు. ఆమె వెళ్ళిన వారానికే నెత్తిన మళ్ళీ నీళ్ళు పోయించుకొని మెడలో జపమాల వేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, లోకంలో సత్యమంతా మా బడి బీరువాలో ఉందనుకునే వయసు. రెండేళ్ళు ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆమె మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ మనిషి చేత అరిసెలు పంపేది.

ఇక ఆ ఫాదరు సంగతి. పేరు కాసిడీ, ఊరు అమెరికాలో బోస్టను. తాతలు ఐర్లండు నుంచి ఆకలికి తాళలేక ఓడెక్కి అక్కడికి చేరారట. ముప్పైతొమ్మిది వానాకాలంలో పల్లెకు వచ్చాడు. వచ్చిన రోజున మోదుగ విస్తట్లో అన్నం పెడితే తినడం మానేసి విస్తరి తిరగేసి చూశాడట. విస్తళ్ళు కుట్టడానికి కోసుకొచ్చిన రెమ్మ ఒకటి పక్కనే పడి ఉంది. ఒకే కాడకు మూడు ఆకులు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఐర్లండులో పాత్రిక్ అనే పునీతుడు తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే దేవుడని ఇలాంటి మూడాకుల మొక్క చూపించే బోధించాడని చెప్పాడు. ఆయన పండగ మార్చి పదిహేడున వస్తుందని, వచ్చే మార్చిలో ప్రతివాళ్ళూ ఈ ఆకు గుండెకు గుచ్చుకోవాలని శాసనం చేశాడు. వానాకాలంలో చేసిన శాసనం అది. మార్చిలో మోదుగకు ఆకు ఉండదని, చెట్టంతా పూలే తప్ప పచ్చదనం కనపడదని ఆ పల్లెలో గేదెలు కాసే వాళ్ళందరికీ తెలుసు. ఒక్కడు నోరు విప్పలేదు. మొదటి ఏడు శౌరి బావ కొండల్లో పొద్దంతా తిరిగి సగం ఎండిన ఆకులు గంపెడు తెచ్చాడు. మరుసటి ఏటి నుంచి కార్తీకంలోనే ఆకులు కోసి జపాల పుస్తకాల్లో అణిచిపెట్టుకోవడం ఆనవాయితీ అయింది.

అట్లా ఆ పండగ అతుకుల బొంతగా తయారైంది. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మాంసం ముట్టనివాళ్ళు ఆ ఒక్కరోజు ఫాదరు సెలవిచ్చాడని యాటల్ని కోసేవాళ్ళు. పాత్రిక్ తన దేశం నుంచి పాముల్ని వెళ్ళగొట్టాడు కాబట్టి కాలి కింద పాముతో విగ్రహం కావాలని దుర్గిలో చెక్కించారు. ఆ శిల్పికి తెల్ల పునీతుడు కొత్త గానీ నాగుపాము కొత్త కాదు. పాము పడగ విప్పి ఎంత అందంగా కుదిరిందంటే నాగులచవితికి ఊళ్ళో రైతుల ఆడవాళ్ళు గుడి గోడ పక్కన నిలబడి దణ్ణం పెట్టుకొని పోయేవాళ్ళు. ఇదే రోజున బోస్టను ఊరు విడిచి ఇంగ్లీషు సిపాయిలు ఓడలెక్కి పారిపోయారని, అందుకని తమ ఊళ్ళో కచేరీలకు సెలవని ఫాదరు ప్రసంగంలో చెప్పేవాడు. అది వినడానికి కాంగ్రెసు ధనుంజయరావుగారు ఖద్దరు కండువా వేసుకొని పందిరి బయట కుర్చీలో కూర్చునేవారు. ఇంగ్లీషువాడంటే మండే ఫాదరు కాబట్టి ఊరందరికీ ఆయనంటే ముద్దే. ఆ మంట ఇంకెవరి మీదికి మళ్ళగలదో ఎవరూ ఆలోచించలేదు.

నలభైనాలుగులో పండగ శుక్రవారం పడింది. దానికి రెండు రోజుల ముందు బడి పని మీద మాచవరం వచ్చి అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె పెరట్లో పెద్ద డేగిసా పెట్టి మోదుగపూలు ఉడికిస్తూ ఉంది. పటిక వేసి, సున్నపుతేట పోసి, కంట్రోలు షాపులో దొరికిన తెల్లచీరను అందులో కర్రతో ముంచుతూ ఉంది.

"ఏందక్కా ఇది" అన్నాను.

"పాత్రిక్ పండక్కిరా, అందరూ ఆకుపచ్చ కట్టాలిగా. రంగులమ్మే మీరా సాహెబు దగ్గర ఆకుపచ్చ రంగు అయిపోయిందంట. యుద్ధం గదా, పొడి రావట్లా. ఉన్న కాస్తా పాటలు పాడే పిల్లల గౌన్లకు పోయింది. మొగుడున్నదాన్ని తెల్లచీరతో ఎట్టా పోయేది? ఫాదరుగారు మొన్న పూజలో చెప్పారు, ఆకుపచ్చ లేనోళ్ళు మూడాకుల చెట్టుది ఏదైనా సరే ఒంటిమీద ఉంచుకోండి, ఈ ఏడు ఎండుటాకులు మాత్రం వద్దు, బతికున్నది కావాలని. ఇప్పుడా చెట్టుకు ఆకేడిది, పువ్వేగా ఉండేది. తల్లో పెట్టుకుంటే పూజ అయ్యేలోపల వాడిపోయిద్ది. అందుకని చీరకే పట్టిస్తన్నా."

చీర నీళ్ళలోంచి పైకి తీసింది. మంచి నారింజరంగు. దాన్ని చూడగానే నాకు మా మిషను దొరసాని చెప్పిన కథ గుర్తుకొచ్చింది. ఆమె తాతలదీ ఐర్లండే, కాకపోతే ప్రొటెస్టెంట్ల వైపు. ఒకసారి పాత ఫోటో ఒకటి చూపించి, మా తాత భుజం మీద ఉన్న ఈ పట్టీ నారింజరంగుది, అది మావాళ్ళ గుర్తు, దాన్ని చూస్తే మీ అక్క పల్లెలో ఉన్న బోస్టను ఫాదరు ఎగిరి గంతేస్తాడు అని నవ్వింది. మా రెండు మతాలవాళ్ళు అక్కడ ఆ రంగుల పేరు చెప్పుకొని ఇళ్ళు తగలబెట్టుకున్నారని కూడా చెప్పింది.

అక్క చీర దండెం మీద ఆరేసి, "ఎట్టా ఉందిరా" అని అడిగింది.

"బాగుంది, కట్టుకో" అన్నాను.

తెలిసే అన్నాను. ఫాదరు మొహం మాడిపోతే చూడాలనిపించింది. మా మతం వదిలిపోయినందుకు ఆమెకు నలుగురిలో చిన్న చురక తగిలితే మంచిదే అనిపించింది. ఇల్లు కూలుతుందని మాత్రం అనుకోలేదు. అనుకోలేదన్నది సాకే, ఆ సాకు నాకు అన్నం అరగడానికి పనికొచ్చింది.

శుక్రవారం పొద్దున తమాషా చూడటానికి నేను కూడా వెళ్ళి గుడి తలుపు దగ్గర నిలబడ్డాను. సత్ప్రసాదపు అప్పం కోసం ఆడవాళ్ళు వరసగా మోకాళ్ళ మీద ఉన్నారు. ఫాదరు ఒక్కొక్కరి నాలుక మీదా పెడుతూ హన్నమ్మ దగ్గరికి వచ్చి ఆగాడు. ఆయన మెడ, చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కళ్ళు మూసుకొని నోరు తెరిచే ఉంది. ఆయన ఆమెను దాటి పక్క మనిషికి పెట్టాడు. ఆమె ఇంకా కాసేపు అట్లాగే ఉండి, తర్వాత కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసింది.

పూజ అయ్యాక పందిట్లో ఆమె కూరగరిటె పట్టుకొని నిలబడి ఉంటే ఫాదరు నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చాడు. ఆయన తెలుగు పుస్తకాల తెలుగు.

"ఈ వర్ణమును నీకు ఎవరు నేర్పిరి?"

"ఎవరూ నేర్పలేదండీ. మీ మూడాకుల చెట్టు పువ్వేనండీ ఇది" అంది.

"అబద్ధము. నీ పుట్టింటివారు నేర్పిరి. ఈ రంగు ధరించినవారు నా తాత ఇంటిని కాల్చిరి. నీవు దానిని నా బలిపీఠము ముందుకు తెచ్చితివి."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ తాత, ఏ ఇల్లు, ఎవరు కాల్చారు. శౌరి బావ ఫాదరు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఫాదరు పైవారం ఆదివారం దాకా, అంటే తొమ్మిది రోజులు, గడువిచ్చాడు. అందరి ముందూ ఆ చీర కాల్చాలి, నేర్పినవాళ్ళ పేరు చెప్పాలి. లేకపోతే శౌరికి ఉపదేశి పనీ ఉండదు, గుడి ఇల్లూ ఉండదు.

ఆ తర్వాత ఆ జనం చేసింది చూస్తే ఫాదరే నయం. ఆయన కోపానికి ఏదో పాత గాయమన్నా ఉంది. వీళ్ళకు ఆ రంగు కథే తెలియదు. అయినా శౌరి చెల్లెలు పున్నమ్మ వచ్చి హన్నమ్మ చేతిలో గరిటె లాక్కుంది. "పాపిష్టిదాని చేతికూడు మాకొద్దు" అని ఎవరో అంటే విస్తళ్ళ ముందు నుంచి ఒక్కొక్కరే లేచారు. యుద్ధం రోజుల్లో, బియ్యం దొరకని రోజుల్లో, మూడు గంగాళాల కూర కుక్కల పాలు చేశారు. మర్నాటి నుంచి బావి దగ్గర ఆమె వెళ్తే చేదలు తీసుకొని పక్కకు పోయేవాళ్ళు. అయిదేళ్ళ నుంచి ఆమె పెట్టిన పురుళ్ళ మందులు, చేసిన పథ్యాలు ఎవరికీ గుర్తు రాలేదు.

బుధవారం శౌరి బావ నరసరావుపేట వచ్చి నా బడి ముందు నిలబడ్డాడు. మనిషి గడ్డం మాసి ఉన్నాడు.

"ఏలియా, నువ్వు ఒకసారి వచ్చి ఫాదరుగారితో చెప్పు. మీవాళ్ళెవరూ దానికి ఏమీ నేర్పలేదని చెప్పు. ఇల్లు పోతే యాడికి పోవాల మేము" అన్నాడు.

వెళ్ళాను. దారి పొడుగునా నేను చెప్పవలసింది నాకు తెలుసు. ఆ రంగు సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు, తెలిసి కూడా కట్టుకోమన్నది నేను. ఇంతే. కానీ రెండేళ్ళ కిందట వేరే పల్లెలో రోమనువాళ్ళకు, మావాళ్ళకు కర్రలు లేచి కేసులైనప్పుడు మా మిషను దొర ఒక మాట గట్టిగా చెప్పాడు. మీలో ఎవరు రోమనువాళ్ళతో తగాదా పెట్టుకున్నా ఆ రోజే బడి నుంచి తీసేస్తానన్నాడు. నేను చెప్పేది చెబితే దొరసాని కథ కూడా బయటికి వస్తుంది. ఆ లెక్కలు వేసుకుంటూనే ఫాదరు బంగళా మెట్లెక్కాను.

ఫాదరు వరండాలో నిలబడే అడిగాడు. "ఈ రంగు యొక్క అర్థము మీ మిషనులో ఎవరికైనను తెలియునా?"

"ఎవరికీ తెలియదండీ" అన్నాను.

ఆయన నావైపు అసహ్యంగా చూశాడు. "మీ దొరసాని ఉత్తర ఐర్లండు సంతతి. ఆమెకును తెలియదా? నీవు అబద్ధమాడుచున్నావు. కాబట్టి ఇది మీరందరు కలిసి చేసిన పని."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. టోపీ చేతిలో పట్టుకొని మెట్లు దిగాను. అక్కను కాపాడటానికి పోయి, ఆమె మీద ఉన్న అనుమానాన్ని రుజువు చేసి వచ్చాను.

ఆదివారం నాడు గుడి ముందు చితుకులు పేర్చి మంట వేశారు. ఊరు ఊరంతా చేరింది. ధనుంజయరావుగారి కుర్చీ కూడా వచ్చింది. నేను జనం వెనక నిలబడ్డాను. అంతకుముందు ఇంట్లో శౌరి బావ ఆమెను బతిమాలుతుంటే విన్నాను.

"ఎవరిదో ఒకరి పేరు చెప్పి ఒడ్డున పడవే" అన్నాడు.

"ఎవరి పేరు చెప్పమంటావు? మీరా సాహెబు పేరు చెప్పనా, రంగు లేదన్న పాపానికి? లేకపోతే మా ఏలియా పేరు చెప్పనా? వాడు నీకోసం ఫాదరు కాడికి కూడా పోయొచ్చాడు గదా" అంది.

ఆమె చీర మడిచి చేతుల మీద పెట్టుకొని వచ్చింది. ఫాదరు ముందు నిలబడి, "నాకు ఈ రంగులో తప్పు ఏందో ఇప్పటికీ తెలీదండీ. మీకు బాధగా ఉంది కాబట్టి కాలుస్తా" అని మంటలో వేసింది. ఒంటి మీద అతుకుల చీర. కాలిపోయేది ఆమెకు మూడేళ్ళలో దొరికిన ఒకే ఒక్క కొత్త చీర.

"పేరు" అన్నాడు ఫాదరు.

"లేదండీ. లేని పేరు యాడ నుంచి తేను" అంది.

ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే మాట. నాకూ ఆమెకూ మధ్య పది అడుగులు కూడా లేవు. ఆ పేరున్న మనిషిని నేను. గొంతులో మాట తయారుగానే ఉంది. పక్కనున్న వాడు "ప్రొటెస్టెంటు పొగరు, దిగదు" అన్నాడు. నేను వాడి వైపు కూడా తిరగలేదు. ఫాదరు శౌరిని పిలిచి గుడి తాళాలు తీసుకున్నాడు.

రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేశారు. పున్నమ్మ గుమ్మంలోకి కూడా రాలేదు. వాళ్ళిద్దరూ బండెక్కి మాచర్ల దాటి నాపరాళ్ళ గనుల్లో పనికి పోయారు. పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి రాళ్ళు మోశాడు, మా అక్క సుత్తి పట్టింది. రెండేళ్ళలో శౌరి బావ నడుము వంగిపోయింది. నేను డబ్బు పంపితే తిరిగి పంపారు, అది కోపంతో కాదు, తమ్ముడు తక్కువ జీతగాడని. నేను అప్పటికీ చెప్పలేదు.

నలభైఏడులో ఫాదర్ కాసిడీ జబ్బు చేసి బోస్టను వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు మా దొర, దొరసాని కూడా ఓడెక్కారు. ఇక నన్ను ఉద్యోగం లోంచి తీసేవాడు లేడని తేలాక నాకు ధైర్యం వచ్చింది. ఇట్లాంటి ధైర్యాన్ని ఏమంటారో మీరే పేరు పెట్టుకోండి. పల్లెకు వచ్చిన కొత్త ఫాదరు తెలుగువాడు. ఆయనకు జరిగింది జరిగినట్లు రాశాను. ఆయన వారానికే జవాబిచ్చాడు. హన్నమ్మ నిర్దోషి, ఆ మాట ఆదివారం గుడిలో చదివిస్తాను, శౌరి వచ్చి మళ్ళీ ఉపదేశిగా చేరవచ్చు, ఇల్లు ఖాళీగానే ఉంది అని.

ఆ ఉత్తరం పట్టుకొని గని దగ్గరికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. శౌరి బావ చెట్టు నీడన కూర్చొని ఉత్తరం రెండుసార్లు చదివాడు. "హన్నమ్మా, ఇల్లు ఇస్తారంట" అన్నాడు. ఆమె సుత్తి పక్కన పెట్టి వచ్చి, "ఆ రంగు సంగతి మనకు తెలీదని వాళ్ళకు ఇప్పుడెట్టా తెలిసింది" అని నన్ను అడిగింది.

అప్పుడు చెప్పాను. డేగిసా దగ్గర నుంచి, బంగళా మెట్ల దాకా, మంట దాకా, ఏదీ దాచకుండా చెప్పాను. దొర పెట్టిన షరతు కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండును.

"అయితే ఆ రోజు నువ్వు నిజం చెప్పుంటే నీ ఉద్యోగం పోయేదా" అంది.

"ఏమో అక్కా. దొర అట్లా అన్నాడు."

"మా అక్క కాపురం పోతందయ్యా, ఏం చెయ్యమంటావని మీ దొరగార్ని అడిగావా?"

"లేదు."

"పోయిద్దో లేదో కూడా తెలుసుకోకుండానే నా ఇల్లు పోనిచ్చావంట్రా" అంది.

ఆమె వెళ్ళి మళ్ళీ రాళ్ళ దగ్గర కూర్చుంది. శౌరి బావ ఆమెవైపు చూసి, ఉత్తరం మడిచి తిరిగి నా చేతిలోనే పెట్టాడు.